మొదటి విస్తరి

"ముందు మీరు కూర్చోండి. మీ వంట మీరు తిన్నాకే కాంట్రాక్టు సంగతి తేలుస్తా," అంది ఆఫీసరు హరిత, పరిచిన విస్తరాకులు చూపిస్తూ.

ఆసుపత్రి వంటపాక ముందు నిలబడ్డ మహిళా సంఘం సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడవారగా ఉన్న నాగసుబ్బయ్య శెట్టి గుండెల్లో రాయి పడింది.

రోగుల భోజనాల కాంట్రాక్టు ఇన్నేళ్లూ ఆయనదే. ఈ ఏడు సర్కారు మెలిక పెట్టింది. రేటు తక్కువైతే చాలదట, ఊళ్లో ఆడవాళ్లకు బతుకుతెరువు చూపే సంఘానికే వంట ఇస్తారట. శెట్టి అంతకంటే పెద్ద మెలిక వేశాడు. తన కొట్లో బియ్యం చెరిగే ఆడవాళ్లతో ఒక సంఘం పెట్టించి, భార్య వెంకటలక్ష్మమ్మను అధ్యక్షురాలిని చేశాడు. సరుకు మాత్రం తన కొట్టుదే. రాజంపేటలో ఎవరూ కొనని బియ్యం.

"ఆ బియ్యం మనింట్లో వండనిస్తారా మీరు?" అని ఆమె అడిగితే, "నువ్వు అధ్యక్షురాలివి మే. తలకాయ ఊపడమే నీ పని," అన్నాడు.

ఇప్పుడు తలకాయలన్నీ అడ్డంగా ఊగుతున్నాయి.

"నాకు ఈ పొద్దు ఒక్కపొద్దు మేడం. శనివారం గదా," అంది నాగక్క.

"నేనూ ఏడుకొండలవాడికి మొక్కుకున్నా," అని వెంకటలక్ష్మమ్మ లెంపలేసుకుంది.

చర్చికి పోయే కృపమణి కూడా వెనక్కి జరిగింది. "ఇంతమంది పస్తుంటే నేనొక్కదాన్నే ఎట్ల తినేది మేడం?"

హరిత చుట్టూ చూసింది. "ఒక్కపొద్దు లేనివాళ్లు ఎవరూ లేరా?"

"యాల లేరు? మా శెట్టెప్ప ఉండాడు!" అంది నాగక్క. "పొద్దున్నే బస్టాండు కాడ ఎర్రకారం దోసెలు తింటాంటే నేనే సూస్తి."

"మీరెవరు?" అంది హరిత.

"సంఘం మేలు కోరేవాణ్ణి మేడం," అన్నాడు శెట్టి, చెమట తుడుచుకుంటూ.

"అయితే కూర్చోండి."

తినకపోతే కాంట్రాక్టు పోతుంది. మఠం వేసుకుని కూర్చున్నాడు. మొదటి ముద్దలోనే రాయి కటుక్కుమంది. పప్పుచారులో పప్పు జాడ లేదు. ఎలాగో మింగి, నవ్వు తెచ్చుకుని, "అమృతం మేడం!" అన్నాడు.

"అమృతమంట, ఇంకో గరిటె వెయ్యమ్మా."

నాగక్క ప్రేమగా రెండు వేసింది.

విస్తరి ఖాళీ అయ్యాక హరిత తలూపింది. "సరే. వంట మీ సంఘానికే."

శెట్టి పంటినొప్పి మరిచిపోయాడు.

"ఒక్కటే షరతు. రోజూ మీరు వార్డులో రోగుల మధ్య కూర్చుని మొదటి విస్తరి తినాలి. ఆ తర్వాతే వాళ్లకు వడ్డన."

"దినామూ నేనా? ఇదేం షరతు మేడం, యాడా ఇనలేదే!"

"నేను పెట్టింది కాదు. మీ అధ్యక్షురాలే ఫోన్ చేసి అడిగారు."

శెట్టి గిర్రున తిరిగి భార్యను చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పిన పని చేస్తున్నట్టు బుద్ధిగా తలకాయ ఊపింది.

"అన్నట్టు," అంది హరిత జీపెక్కుతూ, "నేను సోమవారం వస్తానంటే, కాదు, శనివారమే రండని పట్టుబట్టిందీ ఆవిడే."