అత్తగారి బుర్రకెక్కని పాఠం

కాలేజీ లెక్కల్ని ఎవరి వీలును బట్టి వాళ్లు ఇంట్లోనే సాఫ్ట్‌వేర్ దగ్గర నేర్చుకుంటున్న కాలమది. తొందరేమీ లేదు. కానీ నేర్చిన పాఠాన్ని ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లచేత "అర్థమైంది" అనిపిస్తే తప్ప తర్వాతి పాఠం తెరుచుకోదు.

తణుకులో ఇల్లరికం ఉంటున్న విహారికి పగటిపూట దొరికే మనిషి అత్తగారు కనకవల్లి ఒక్కరే. ఆర్నెల్లుగా డిఫరెన్షియేషన్ దగ్గరే ఇరుక్కుపోయాడు. డిగ్రీ చేతికొస్తే గానీ ఉద్యోగం ఖాయం కాదు.

"ఏమోనండీ అల్లుడుగారూ, బుర్రకెక్కట్లేదు," అందావిడ ఆ రోజు కూడా. "ఆ వెల్లుల్లి ఒలుస్తూ మళ్లీ చెప్పండి, ఈసారి ఎక్కుతుందేమో."

వెల్లుల్లి ఒలుస్తూ చెప్పాడు. కొబ్బరి కోరుతూ చెప్పాడు. ఆఖరికి అటకెక్కి బూజు దులుపుతూ కూడా చెప్పాడు. ఆవిడ పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని, పాపం, ఎంతో అమాయకంగా వింది.

విసుగులో విహారి నోరు జారింది. "కాస్ ఎక్స్‌ని డిఫరెన్షియేట్ చేస్తే సైన్ ఎక్స్ వస్తుందండీ."

"ముందు మైనస్ ఉండాలి కదండీ!" అనేసి కనకవల్లి నాలుక కరుచుకుంది.

"శ్రోతకు పాఠం వచ్చేసింది!" అంది అంతా వింటున్న సాఫ్ట్‌వేర్ సంబరంగా. "కనకవల్లి గారిని కోర్సులో చేర్చుకున్నాం. ఇక ఈ పాఠం వారే ఇంట్లో ఒకరికి చెప్పాలి."

కుర్చీలోంచి లేచొచ్చి తెర మీద తన పేరు చూసుకునేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. "నేను కాలేజీలోనా!"

విహారి అటక దిగి, చేతులు కడుక్కుని, ఖాళీ అయిన పడక్కుర్చీలో కాళ్లు చాపుకున్నాడు.

"చెప్పండి అత్తయ్యగారూ. గారెలు వేస్తూ చెప్పండి. నాది కాస్త నిదానం బుర్ర."