రెండుచోట్ల పోయిన ఎడ్వర్డ్

"ఒక్క మనిషి రెండుచోట్ల ఎలా చస్తాడే?" లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే కూతుర్ని అడిగాడు కృష్ణమోహన్.

"డాడీ, నేను పెళ్లి చేసుకునేది నేథన్‌ని. ఎడ్వర్డ్‌ని కాదు," అంది ప్రణవి.

"అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడకుండా పిల్లనివ్వడం మన ఇంటా వంటా లేదు."

నేథన్ ఇంటిపేరు వెదర్‌బీ. తెల్లవాడితో పెళ్లంటే ససేమిరా అన్న కృష్ణమోహన్, వెదర్‌బీలు ఇంగ్లండులో తరతరాల భూస్వాములని తెలియగానే మెత్తబడ్డాడు. కూతురి కన్నీళ్లకు కరగని గుండె ఎకరాలకు కరిగింది. మిషిగన్‌లో తాముండే నోవై ఊళ్లో సగంమంది తెలుగువాళ్లకు "జమీందార్ల సంబంధం" అని చాటింపు కూడా వేసుకున్నాడు.

తీరా చూస్తే చిక్కొచ్చి పడింది. వెదర్‌బీలు అచ్చువేయించుకున్న వంశచరిత్రలో, పూర్వం ఆ ఇంటి చిన్నకొడుకు ఎడ్వర్డ్ మిషిగన్ వచ్చి స్థిరపడ్డాడని, నేథన్ వాళ్లు అతని సంతానమేనని ఉంది. చర్చి రిజిస్టరేమో అదే ఎడ్వర్డ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండగా, పెళ్లయినా కాకుండానే బందరులో పోయాడంటోంది.

"మన బందరులోనా!" వంటింట్లోంచి తొంగిచూసింది అతని భార్య జయంతి.

"మన బందరే. చావడానికి వాడికి ఇంకో ఊరు దొరకలేదు."

"పుస్తకం యాభై ఏళ్ల తర్వాత ప్రింట్ చేశారు. రిజిస్టర్ అయితే బరీ చేసిన రోజే రాశారు," అనేసి ప్రణవి నాలిక కరుచుకుంది.

"అంటే మీవాడి మూలపురుషుడు ఊరూ పేరూ లేని ఎవడో అన్నమాట. అలాంటి ఇంటికి పిల్లనెలా ఇస్తాను?"

ప్రణవి ఏడ్చింది. జయంతి రెండురోజులు మాట్లాడటం మానేసింది. చివరికి రాజీ కుదిరింది. ఇంగ్లండులో ఉన్న ఒక వెదర్‌బీ డీఎన్‌ఏ వివరాలు వంశాలు వెతికే ఒక వెబ్‌సైట్‌లో ఉన్నాయి. నేథన్‌ది దానితో కలిస్తే పెళ్లి, కలవకపోతే లేదు.

కృష్ణమోహన్ డీఎన్‌ఏ టెస్టు కిట్లు రెండు తెప్పించాడు. కార్ల విడిభాగాలు టెస్ట్ చేసే ఇంజనీరు, ఏ మిషన్నీ ఊరికే నమ్మడు.

"రెండోది ఎవరికి?" అంది జయంతి.

"నాకే. పోల్చి చూడ్డానికి బేస్‌లైన్ ఉండాలిగా. పది తరాలుగా మడి తప్పని బందరు రక్తం. ఇందులో తేడా చూపిస్తే మిషన్‌దే తప్పు."

రిజల్ట్స్ వచ్చిన ఆదివారం ముగ్గురూ స్క్రీన్ ముందు చేరారు.

"నేథన్‌కి మ్యాచ్ లేదు." అంది ప్రణవి.

కృష్ణమోహన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశావా! పుస్తకాలు అబద్ధమాడతాయి గానీ రక్తం ఆడదమ్మా. ఈ టెస్టు మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది."

ప్రణవి కళ్లు తుడుచుకుని పేజీ కిందికి జరిపింది. ఒకసారి చదివి, మళ్లీ చదివింది.

"రిజిస్టరే కరెక్ట్, డాడీ. ఎడ్వర్డ్ బందరు దాటలేదు."

"నేను మొత్తుకున్నదీ అదేగా!"

"వెదర్‌బీలతో మ్యాచ్ అయింది నువ్వు."