సంతకం ఉన్న బంతి

“యోగితా, నెట్‌లో ఇప్పుడే చదివా. మొన్న కొన్న బేస్‌బాల్ బంతి మీద సంతకం ఆటగాడిది కాదట, వాళ్ళావిడ పెట్టేదట. వెనక్కి తీసుకోమని అమ్మినవాడికి మెయిల్ కొట్టు,” అన్నాడు సూరిబాబు, ఆఫీసు నుంచి సింగపూర్‌లోని తమ బుకిట్ బటోక్ ఫ్లాట్‌కి వస్తూనే.

డబ్బు తీసుకుని కావాలనే ఓడిపోయారని అమెరికాలో ఒకప్పుడు వెలివేసిన బేస్‌బాల్ ఆటగాళ్ళ సంతకాలు సేకరించడం అతని పిచ్చి.

అతని భార్య యోగిత కంప్యూటర్ ముందు కూర్చుంది. “పాపం, ఆయనకి రాయడం రాదేమోనండీ.”

“రాకపోతే? ఒకరి బదులు ఒకరు రాస్తే మోసం కాదూ? గట్టిగా రాయి.”

ఆమె టైపు చేసి ఆగింది. “కింద మీ పేరే పెట్టనా?”

సూరిబాబు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష కూడా ఇదే కుర్చీలో కూర్చుని, అతని పేరుతో, ఆమే రాసింది.

“మెయిల్ వద్దులే,” అన్నాడు, మెడలోని ఆఫీసు బ్యాడ్జీని చొక్కా లోపలికి తోసుకుంటూ.