ప్యాలెస్‌లో పెళ్ళిచూపులు

"అమ్మా, ముందుకి రా. వాళ్ళొచ్చేశారు!"

"నేను రానే. నువ్వు వెళ్ళు. శుభమా అని పెళ్ళిచూపులకొస్తే ఎదురుగా నా మొహమేంటి?" అంటూ లలిత కూతురి వెనక్కి ఇంకో అడుగు వేసింది. హొనొలులులో పాతకాలపు రాజుగారి ప్యాలెస్ మెట్ల మీద కూడా, భర్త పోయి పదకొండేళ్ళయినా ఆమెని వదలని భయం అది.

"నీ మొహానికేమమ్మా, బాగుంది. ఇక్కడ నీ శకునాలు ఎవరికీ తెలీవు. ప్లీజ్, సీన్ చేయకు" అంది ఇంద్రజ.

ఈ సంబంధం తెచ్చింది ఇంద్రజే. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తితే ఇంతెత్తున లేచే పిల్ల, పోయిన నెల కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ ఇంట్లో ఉప్మా తింటూ తనంతట తనే, "ఉమాకాంత్ గారని, మంచి సంబంధం అమ్మా. హవాయిలో ఉంటారు. లాంగ్ వీకెండ్‌కి బుక్ చేస్తా, ప్యాలెస్ చూసినట్టూ ఉంటుంది, పెళ్ళిచూపులూ అయిపోతాయి" అని తల వంచుకుంది. సిగ్గనుకుంది లలిత. ఎక్కువ అడిగితే పిల్ల మనసు మార్చుకుంటుందేమోనని ఇంకో ప్రశ్న వేయలేదు. ఇది తప్పిపోతే మళ్ళీ ఇంకోటి వస్తుందన్న ఆశ ఆమెకి లేదు.

ఉమాకాంత్ అనంతపురంలో లెక్చరర్‌గా రిటైరైన మనిషి. భార్య లేదు. కొడుకు తేజేశ్వర్ పొడుగ్గా, నవ్వుమొహంతో లక్షణంగా ఉన్నాడు. అత్తగారి పోరు కూడా ఉండదు కదా అని లలిత లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

లోపల చెక్క నేల గీతలు పడకుండా బూట్లకి గుడ్డ తొడుగులు వేసుకోమన్నారు. ఉమాకాంత్ ఒక జత తెచ్చి, వంగి లలిత కాళ్ళ ముందు పెట్టాడు. "నేల జారుతుందండీ, జాగ్రత్త."

వియ్యంకుడు కాబోయే మనిషి తన కాళ్ళ దగ్గర వంగడమా! లలిత చెంపలు వేసుకున్నంత పని చేసింది.

పిల్లలిద్దరూ కబుర్లాడుకుంటూ ముందు నడిచారు. లలిత వెనకపడితే ఉమాకాంత్ కూడా వెనకపడ్డాడు. సింహాసనాల గదిలో అందరూ ఎర్ర తెరలు చూస్తుంటే ఆయన మాత్రం ప్రశ్నలు మొదలెట్టాడు. పొద్దున్నే కాఫీయా, టీయా? పుస్తకాలు చదువుతారా? బీపీ, షుగర్ లాంటివేమైనా ఉన్నాయా? తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నారుగా, ఆరా తీస్తున్నాడు అనుకుని లలిత ఒళ్ళు దగ్గర పెట్టుకుని అన్నిటికీ జవాబు చెప్పింది.

"అమ్మాయి మీకంతా చెప్పింది కదండీ?"

"చెప్పిందండీ."

"మరి మీకిష్టమేనా?"

"అయ్యో, ఎంతమాట! ఈ శుభవార్త కోసం ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నానండీ. ఈ నెల్లోనే ముహూర్తం పెట్టుకుందామన్నా నేను సిద్ధమే."

ఉమాకాంత్ మొహం మతాబులా వెలిగింది. లలిత గుండెల మీంచి బరువు దిగిపోయింది.

ఆ బరువు మేడ మీదకి వెళ్ళేసరికి రెట్టింపై తిరిగొచ్చింది. ఒకప్పుడు ఆ రాజ్యం పోగొట్టుకున్న రాణిగారిని బంధించి ఉంచిన గది బయట, తలుపు వారగా నిలబడి తేజేశ్వర్ ఫోన్‌లో గుసగుసలాడుతున్నాడు. "అలిగావా బంగారం? సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాగా. టాబ్లెట్ వేసుకో. లవ్ యూ టూ."

ఇంట్లో ఒకదాన్ని పెట్టుకుని, పైకి ఇంత బుద్ధిమంతుడిలా తన కూతుర్ని చూసుకోవడానికి వచ్చాడా! లలిత విసవిసా వెళ్ళి ఇంద్రజ చెయ్యి పట్టుకుంది. "పద. ఇక్కడ ఒక్క క్షణం ఉండొద్దు."

"ఏమైందండీ?" ఉమాకాంత్ కంగారుగా ఎదురొచ్చాడు.

"పెద్దమనిషని నమ్మానండీ మిమ్మల్ని! నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ పెళ్ళి జరగదు."

పక్కనున్న టూరిస్టులు తిరిగి చూశారు. కాపలా ఆవిడ మెల్లగా మాట్లాడమని పెదాల మీద వేలు పెట్టి చూపించింది. ఉమాకాంత్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా వల్ల ఏమైనా పొరపాటు జరిగితే..."

"పొరపాటు కాదు, మోసం! అంతా తెలిసే చేశారు!"

ఆయన కళ్ళజోడు తీసి, తుడుస్తూ, నెమ్మదిగా వెళ్ళి కిటికీ పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. ఇంద్రజ తల్లిని వరండా మూలకి లాక్కెళ్ళింది.

"నీకేమైనా పిచ్చా అమ్మా? పాపం, అంత మంచాయన్ని పట్టుకుని..."

"మంచాయనా! కొడుక్కి ఇంట్లో ఇంకో అమ్మాయి ఉందే. బంగారం అంటున్నాడు, లవ్ యూ అంటున్నాడు. నా చెవులారా విన్నాను. నీ గొంతు కోయబోయారే తల్లీ!" లలిత కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

ఇంద్రజ కోపం ఎటుపోయిందో పోయింది. తల్లి పమిట చెంగుతోనే ఆ కళ్ళు తుడిచింది.

"తేజకి పెళ్ళయి మూడేళ్ళయిందమ్మా, ఫోన్‌లో ఉన్నది వాళ్ళావిడే. ఉమాకాంత్ గారు చూసుకోవడానికొచ్చింది నిన్ను!"