గోరువెచ్చని నీళ్ళు

"దీన్ని తినాలా, దీని మీద రాయాలా?" అన్నాడు హెడ్మాస్టరు, పళ్ళెంలోంచి ఒక బియ్యప్పిండి రేకును రెండు వేళ్ళతో పైకెత్తి. ఎదురుగా కూర్చున్న అమ్మాయి మొహం దాని వెనక మసగ్గా కనబడుతోంది.

"వియత్నాం వాళ్ళ తిండి అంకుల్. అందరూ బావుందన్నారు," అంది అమ్మాయి.

"అన్నవాళ్ళు తిన్నారా?"

హెడ్మాస్టరు, పక్కన కూర్చున్న అబ్బాయికి తండ్రి. అమ్మాయి తండ్రికి టైర్ల షాపుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇదే మొదలు. తల్లులు ఫోన్లోనే ఒప్పేసుకున్నారు కాబట్టి ఇక తండ్రులు ఊఁ అంటే సంబంధం ఖాయం, ఊహూఁ అంటే ఇక్కడితో సరి. హోటలు మాత్రం పిల్లలిద్దరూ కలిసి ఎంచారు. రేకు టేబుళ్ళు, ప్లాస్టిక్ స్టూళ్ళు, మూలన ఒక వాష్ బేసిన్, వంటగదిలోంచి ఆగకుండా వచ్చే చేపల సాస్ వాసన.

వడ్డించే మనిషి ఆకులు, దోసకాయ ముక్కలు, ఉడకబెట్టిన రొయ్యలు తెచ్చి పెట్టాడు. ఒక్కొక్కరి ముందూ ఒక్కో గిన్నెడు గోరువెచ్చని నీళ్ళు ఉంచి వెళ్ళిపోయాడు. ఏది ఎలా తినాలో చెప్పే అలవాటు అక్కడున్నట్టు లేదు.

"సూపు కాబోలు," అని హెడ్మాస్టరు గిన్నె ఎత్తి రెండు గుటకలు వేశాడు. "ఉప్పూ లేదు, కారమూ లేదు."

సరిగ్గా అప్పుడే టైర్ల షాపాయన తన గిన్నెలో పది వేళ్ళూ ముంచి, జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు.

అబ్బాయి ఏదో చెప్పబోయాడు. టేబుల్ కింద అమ్మాయి కాలు అతని కాలికి తగిలింది. నోరు మూసుకున్నాడు.

"అవి చేతులు కడుక్కునే నీళ్ళండీ," అన్నాడు టైర్ల షాపాయన. అక్కడితో ఊరుకుంటే పోయేది. నవ్వాడు.

"మా ఇంట్లో చేతులు కడుక్కునే భోజనానికి కూర్చుంటాం. తినే టేబుల్ మీద కడుక్కోవడం మాకు తెలీదు," అన్నాడు హెడ్మాస్టరు.

"తెలీనప్పుడు అడగాలి సార్. క్లాసులో పిల్లలకి మీరు చెప్పేది అదేగా."

"పిల్లలకి చెప్తే ఒంటపడుతుంది. గ్రీజు చేతులకి ఎన్ని నీళ్ళు పోసి ఏం లాభం?"

టైర్ల షాపాయన జేబురుమాలు మడత పెట్టాడు. మొహంలో నవ్వు లేదు. "నా పని మీకు నామోషీగా ఉందా?"

"ఆ మాట నేనన్లేదు. మీరే అన్నారు."

"లేమ్మా," అన్నాడాయన కూతురితో. "పిల్లనిద్దామని వచ్చాం గానీ మాటలు పడ్డానికి కాదు."

హెడ్మాస్టరు అప్పటికే లేచి, టేబుల్ కింద కాలితో చెప్పు వెతుక్కుంటున్నాడు.

పిల్లలిద్దరూ కదల్లేదు. ఇంకొక్క మాట తూలితే చాలు, అంతా అయిపోతుంది.

చెప్పు దొరికి తలెత్తిన హెడ్మాస్టరు పక్క టేబుల్ వైపు చూసి ఆగిపోయాడు. అక్కడ ఒక పెద్దావిడ బియ్యప్పిండి రేకును గోరువెచ్చని నీళ్ళలో ముంచి తీసింది. మెత్తబడ్డ రేకులో ఆకులూ రొయ్యలూ పెట్టి, చాప చుట్టినట్టు చుట్టి, సాస్‌లో అద్దుకుని తీరిగ్గా కొరికింది. టైర్ల షాపాయన కూడా అటే చూశాడు.

ఇద్దరూ ఎవరి గిన్నెకేసి వాళ్ళు చూసుకున్నారు.

"అయితే తాగడానికి కాదన్నమాట," అన్నాడు హెడ్మాస్టరు.

"కడుక్కోవడానికీ కాదు," అన్నాడు టైర్ల షాపాయన.

దొందూ దొందే. ముందు హెడ్మాస్టరు పొట్ట కదిలింది, తర్వాత టైర్ల షాపాయన భుజాలు. చివరికి ఇద్దరూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

"నేను ఆ గ్రీజు మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు హెడ్మాస్టరు.

"మీరు తాగారు, నేను కడిగాను. ఒకరికొకరం వంకలు పెట్టుకునే మొహాలేనా మనవి? కూర్చోండి బావగారూ."

ఆ 'బావగారూ' నోరు జారి వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలని ఇద్దరికీ అనిపించలేదు.

ఆ తర్వాత తిండి నడిచింది. టైర్ల షాపాయన పంక్చరైన ట్యూబును తొట్టిలో ముంచినట్టు రేకును తిప్పి తిప్పి ముంచాడు. హెడ్మాస్టరు ప్రశ్నపత్రాల కట్టలా బిగించి చుట్టాడు. అది మధ్యలో పగిలి రొయ్యలన్నీ ఒళ్ళో పడ్డాయి. నూడుల్స్ వచ్చాక పుల్లలతో కుస్తీ పట్టి, ఓడిపోయి, ఇద్దరూ చేతులతోనే లాగించారు. వాసన సంగతి ఎవరికీ గుర్తు లేదు. నూరబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఇక్కడ ఒక్క అబద్ధం కూడా అక్కర్లేకపోయింది.

"నిశ్చితార్థం వచ్చే నెల పెట్టుకుందామా?" అన్నాడు హెడ్మాస్టరు.

"నెలదాకా దేనికి బావగారూ? వచ్చే ఆదివారం మా ఇంటికొచ్చేయండి."

"అంతే బావగారూ. మంచి పనికి ఆలస్యమెందుకు?"

"మరి పిల్లలు నోరు విప్పరేం?"

"సిగ్గు. మనం అటు పోతే అవే మాట్లాడుకుంటాయి."

ఒకరి భుజం మీద ఒకరు మోచెయ్యి ఆనించి, మూలనున్న వాష్ బేసిన్ దగ్గరికి నడిచారు.

అబ్బాయి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అమ్మాయి సాస్ గిన్నె పక్కకి జరిపి, గొంతు తగ్గించి అడిగింది.

"ఈ హోటలు దెబ్బకి సంబంధం ఇవాళ్టితో చెడిపోతుందని నేను చేసుకోబోయేవాడికి మాటిచ్చి వచ్చానండీ. మీరు చేసుకోబోయే అమ్మాయికి ఏం చెప్పి వచ్చారు?"