కొండపిట్టల గూట్లో గుడ్డు

ఏవోయ్, కాలు మీద కాలేసుకుని కూర్చున్న పెద్దమనిషీ, నిన్నే! పిట్టను చూసి మగదో ఆడదో చెప్పగలవా? చెప్పలేవు. మీసముందా, జడుందా చూసి చెప్పడానికి? మన మావయ్య మాత్రం చూడగానే చెప్పేశాడు.

"అదిగో, పొద్దస్తమానం సణిగేది మరదలు. నోరెత్తకుండా వినేది బావ. ఇంకా పరీక్షలెందుకమ్మడూ?" అన్నాడు గింజల గిన్నె కడుగుతూ.

పక్షుల పరిశోధనశాలలో పంజరాల గది ఆయనది. అక్కడ అందరికీ ఆయన మావయ్యే. కొత్తగా చేరిన పరిశోధకురాలు ఆయనకి అమ్మడు. ఆమె గోడమీది పటంలో గుండుసూదులు చూపించింది.

"బావది ఈ కొండల వరస, మరదలిది ఆ కొండల వరస. మధ్య మైదానంలో ఈ పిట్ట ఒక్కటీ లేదు. రెండూ వేర్వేరు జాతులని పుస్తకాల్లో రాశారు. నాకేమో ఒకటే అనిపిస్తోంది. క్రోమోజోములు చూస్తే తేలుతుంది."

"అది తేలేలోపు వీళ్లని లారీ ఎక్కించేస్తారు తల్లీ."

ఆయన దిగులంతా అదే. నెలాఖరులోగా గుడ్డు కనబడకపోతే ఈ రెంటినీ వేరే ఊరికి పంపేస్తానని పెద్దాయన ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. పెద్దాయనంటే ఆ శాలకు అధికారి. నవ్వడు. ఓసారి ఆయన కుర్చీలో మావయ్య రబ్బరు తేలు పెడితే, "తోక ఊడింది, అతికించుకో" అని తిరిగిచ్చిన మనిషి. ఈయన్ని ఒక్కసారైనా బోల్తా కొట్టించాలని మావయ్యకి ఎన్నాళ్లనుంచో కోరిక.

మర్నాడు పెద్దాయన గదిలో నల్లబల్ల దగ్గర్నుంచి ఓ సుద్దగడ్డ కాజేశాడు. అరగదీసి, నున్నగా చేసి, టీ నీళ్లతో మచ్చలు పెట్టి గూట్లో ఉంచాడు.

పెద్దాయన వచ్చి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంకో నెల ఆగుదాం" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఏమయ్యా, నా గదిలో సుద్దగడ్డలు మాయమవుతున్నాయి. ఎలుకలున్నాయా?"

"బాగా బలిసినవేనండీ" అన్నాడు మావయ్య, పొట్ట లోపలికి పీల్చుకుంటూ.

అమ్మడు మాత్రం గుడ్ల లెక్క రాసే రిజిస్టరు తెరవలేదు. "పిల్ల బయటికొచ్చాక రాద్దాంలే" అంది.

ఆమె రెండు పిట్టల నుంచీ అప్పుడే మొలుస్తున్న ఈకలు తీసి, వాటి మొదట్లోని నెత్తుటి గుజ్జును గాజుపలకల మీద పరిచింది. సూక్ష్మదర్శినిలో కనబడినదాన్ని ఫొటో తీసింది. అందులో ఒక్కో క్రోమోజోమునూ కత్తిరించి ఇవ్వడం మావయ్య వంతు, జతలు కలిపి అతికించడం ఆమె వంతు. పెద్దవి వానపాముల్లా ఉన్నాయి. చిన్నవి ఉత్త ధూళి. ఫ్యాను ఆపేశారు. గట్టిగా ఊపిరి వదిలితే పిట్టలో పావువంతు ఎగిరిపోయేట్టుంది. మధ్యాహ్నపు ఎండ మెల్లగా బల్లమీదికి పాకింది. చూస్తూ చూస్తూ ఉంటే మావయ్యకి ఆ చుక్కలన్నీ కొండలమీద ఎగిరే పిట్టల్లా కనబడ్డాయి. ఏవి ఏ కొండలవో చెప్పడం ఆయన వల్ల కాలేదు.

ఆ రోజుల్లోనే మావయ్య భోజనానికి వెళ్లే వేళకి పెద్దాయన ఒక్కడే పంజరాల గదిలో కనబడేవాడు. ఉత్తరం ఎప్పుడు పంపాలా అని చూస్తున్నాడేమోనని మావయ్య బెంగపడేవాడు.

మూడో వారంలో గూట్లో రెండు గుడ్లున్నాయి.

మావయ్య కళ్లు నులుముకున్నాడు. తను పెట్టింది ఒకటే! తాకితే తల్లి పిట్ట వదిలేస్తుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పట్నుంచి ఆ గదిలో చెప్పుల్లేకుండా నడిచాడు. ఎవరితోనూ పరాచికాలాడలేదు. గదంతా నీళ్లమీద తేలుతున్నట్టుంది. రాలిన ఈకలు కూడా నేలకి దిగడానికి తొందరపడటం లేదు.

నెల తిరిగేసరికి అమ్మడు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"జతకి జత సరిపోయింది మావయ్యా! ఒకటే జాతి అనడానికి గట్టి ఆధారం దొరికింది."

"నే చెప్పలా? కాకపోతే గుడ్డెలా వస్తుంది?"

"ఆగు, ఇది చూడు. ఆడో మగో తేల్చే జత. పిట్టల్లో ఆడదానికి ఈ జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి. మగదానికి రెండూ పెద్దవే."

మావయ్య బావ కాగితం చూశాడు. రెండూ పెద్దవే. మరదలి కాగితం చూశాడు. రెండూ పెద్దవే.

"అంటే..."

"ఈవిడ మరదలు కాదు మావయ్యా, బావమరిది!"

మావయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "మరి రెండో గుడ్డు? నువ్వు పెట్టావా?"

"నేనా? రెండూ నీ పనే అనుకున్నా. అందుకేగా రిజిస్టరు ముట్టుకోలేదు!"

గుమ్మంలో పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఉత్తరం.

మావయ్య లేచి చేతులు జోడించాడు. "అయ్యా, మొదటి గుడ్డు నేను చేసిందే. సుద్దది. నన్ను పంపించెయ్యండి, వీళ్లని పంపకండి. రెండోది మాత్రం, మీమీద ఒట్టు, నేనెరగను."

పెద్దాయన కాగితాలు రెండూ చూశాడు. ఉత్తరాన్ని నాలుగు ముక్కలుగా చించాడు.

"ఆడపిట్టనే ఇక్కడికి తెప్పిద్దాం" అన్నాడు. మొహంలో నవ్వు లేదు.

తర్వాత చొక్కా జేబులోంచి మూడో గుడ్డు తీశాడు.