గోడ పలికిన గొంతు

పిల్లల టీకాలు గుర్తుచేయడానికి ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గోడే మాట్లాడుతోంది. ఆ ఇంటాయన ఎవరి మాట వింటాడో కనిపెట్టి, వాళ్ల గొంతు అరువు తెచ్చుకుంటుంది.

హంసినికి పన్నెండేళ్లు నిండాయి, టీకా వేయించుకు రమ్మని సువర్చల మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. భాస్కరం ఊఁ కొట్టి ఊరుకునేవాడు. ఇవాళ పొద్దున్న గోడ అతని అక్క వకుళ గొంతుతో, "ఒరే భాస్కరం, పిల్లకి ఇంకా టీకా వేయించలేదేంట్రా?" అంది. అతను తాగుతున్న కాఫీ వదిలేసి చొక్కా తొడుక్కున్నాడు.

సువర్చలకి ఒళ్లు మండిపోయింది. నా కూతురి టీకాకి కూడా ఆడపడుచే దిక్కయిందా అని ఉడుక్కుంటూ పెనం మీద దోసె మాడబెట్టింది.

తండ్రీకూతుళ్లు అటు వెళ్లగానే వకుళ ఫోన్ చేసింది.

"మావాడికి టీకా వేయించమని మీ అన్నయ్యగారికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఇవాళ గోడ ఒక్కసారి చెప్పగానే పరిగెత్తారు. ఎవరి గొంతో తెలుసా?"

"ఎవరిది వదినా?"



"నీదే," అని వకుళ ఠక్కున ఫోన్ పెట్టేసింది.

సువర్చల ఇంకో దోసె పోసుకుని, నిదానంగా, ఎర్రగా కాల్చుకుని తింది.